మూడు కాళ్ళ కుక్కకు పోస్టుమార్టమా?

సియాటిల్ నగరపు ఆలిస్ ఇన్ చెయిన్స్ బృందం 1995 నవంబరులో తన పేరే పెట్టి వెలువరించిన ఆల్బమ్‌ను గురించి వ్రాసేవారు చాలామంది పాటతో మొదలుపెట్టి శవపంచనామాతో ముగిస్తారు. గాయకుడు లేన్ స్టేలీ మాదకద్రవ్యాలకు బానిస అయినాడు. 2002 ఏప్రిల్‌లో 34వ ఏట మరణించాడు. బృందంతో అతడు చేసిన చివరి స్టూడియో ఆల్బమ్ ఇదే. కనుక ఇది అతడి మరణవాంగ్మూలమట. నా తగవంతా ఆ ‘కనుక’తోనే.

ఆల్బమ్‌కూ మరణానికీ నడుమ ఆరేళ్ళకు పైగా వ్యవధి ఉన్నది. ఆ కాలంలో అతడు 1996 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో ఎమ్‌టీవీ అన్‌ప్లగ్డ్ కచేరీ చేశాడు, 1998లో బృందంతో మరి రెండు పాటలు రికార్డు చేశాడు. 1995లో పాడుతున్నవాడికి తన మరణ తేదీ తెలియదు. మనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని వెనక్కు తీసుకుపోయి అతడి గొంతులో కుక్కి, ‘చూశారా, ముందే చెప్పాడు’ అంటున్నాము.

సరే, వాంగ్మూలమే అనుకుందాం. ఎవరిది? 12 పాటల్లో మొదటిదైన ‘గ్రైండ్’, చివరిదైన ‘ఓవర్ నౌ’, నడుమ ‘హెవెన్ బిసైడ్ యూ’. ఈ మూడింటి సాహిత్యం గిటారిస్టు జెర్రీ కాంట్రెల్‌ది, ప్రధాన గాత్రమూ అతడిదే. ‘హెవెన్ బిసైడ్ యూ’ అతడి సొంత ప్రేమ తెగిపోయిన కథ. ‘గ్రైండ్’ అయితే, బృందం పని అయిపోయిందనీ స్టేలీ పోయాడనీ అప్పట్లో పుట్టిన వదంతులకే జవాబు. అంత్యక్రియలకు తొందరపడవద్దని గుమ్మంలోనే హెచ్చరించిన ఆల్బమ్‌కు మనం కర్మకాండ జరుపుతున్నాము!

మిగిలిన తొమ్మిదింటి మాటలు స్టేలీవే. వాటిలో వ్యసనం, రోగం, అవమానం ఉన్నాయి; కాదనను. మరి ‘నథిన్ సాంగ్’ సంగతేమిటి? వ్రాయడానికేమీ తోచనివాడు ఆ తోచనితనాన్నే పాటగా కట్టి పరిహాసమాడాడు. మరణశయ్య సిద్ధాంతంలో ఆ నవ్వుకు చోటు లేదు కనుక దానిని ప్రస్తావించేవారు అరుదు.

అన్నిటికంటె నాకు బాధ కలిగించేది, ఈ గొడవలో సంగీతం వినబడకుండా పోవడం. 1992 నాటి ‘డర్ట్’లో వలె స్టేలీ గొంతు ఇక్కడ ఒక్క ఊపున పైకి లేవదు. క్షీణించిందంటారు. చెవి పెట్టి వినండి. ఆ గొంతును పొరలు పొరలుగా రికార్డు చేసి ఒకదానిపై ఒకటి పరిచారు. ఒక పొర స్పష్టంగా, ఇంకొకటి ఏదో యంత్రంలోంచి వచ్చినట్టు వికృతంగా. ప్రక్కనే కాంట్రెల్ గొంతు, కలిసీ కలవని దూరంలో. శ్రుతి దించిన గిటారు బరువుగా ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఎనిమిది నిమిషాల పైచిలుకు ‘ఫ్రాగ్స్’లో ఆ నడకకు తొందరే లేదు. ఇది నిర్మాత టోబీ రైట్‌తో కలిసి నెలల తరబడి స్టూడియోలో కూర్చొని చేసిన పని. నిస్సహాయుడి మూలుగు ఇంత ఓపికగా పొరలు పేర్చదు.

(సావిత్రి నటనను తలచుకోబోయి ఆమె చివరి రోజుల దగ్గర కన్నీళ్ళు పెట్టుకునే అలవాటు మనకూ ఉన్నదే. ఆ కన్నీళ్ళలో ఆమె ప్రతిభ ఎంత కొట్టుకుపోయిందో!)

ముఖచిత్రంపై మూడు కాళ్ళ కుక్క. వెనుక అట్టపై మూడు కాళ్ళతో పుట్టిన సర్కసు కళాకారుడు ఫ్రాంక్ లెంటీని. ఒకరికి ఒక కాలు తక్కువ, ఒకరికి ఒకటి ఎక్కువ. విమర్శకులు కుక్కకు లేని కాలినే లెక్కపెట్టారు. ఈసారి అట్ట త్రిప్పి రెండవ బొమ్మను కూడా చూచి, ‘గ్రైండ్’ నుంచి మొదలుపెట్టండి.