ఆటో డ్రైవర్ నిజాయితీ ఎందుకు వార్త?

పేపర్లో సిటీ పేజీ తిరగేసే అలవాటున్నవాళ్లకి ఈ వార్త కొత్త కాదు. ఎవరో ఆటోలో బ్యాగు మర్చిపోతారు. అందులో నగలో, లాప్‌టాపో ఉంటుంది. డ్రైవర్ దాన్ని తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో అప్పగిస్తాడు. ఎస్సై గారు శాలువా కప్పి ఫొటో దిగుతారు. పైన హెడ్డింగు: 'నిజాయితీ చాటుకున్న ఆటో డ్రైవర్'. మంచిపని చేసిన మనిషిని మెచ్చుకోవద్దని ఎవరంటారు? కానీ 'నిజాయితీ చాటుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అని ఎప్పుడైనా చదివారా? 'దొరికిన పర్సు తిరిగిచ్చిన ఆడిటర్‌కి సన్మానం' అని? అనుకోనిది జరిగితేనే కదా వార్త. ఆ శాలువా మడతల్లో ఒక అనుమానం కూడా ఉంది: ఇతను దాన్ని ఉంచేసుకుంటాడనే మనం అనుకున్నాం.

పోయిన నెల మన క్లబ్‌లో చర్చకి పెట్టుకున్న అంశం దాదాపు ఇదే, కాకపోతే కాస్త పెద్ద మాటల్లో: 'పేదరికం మనిషి నైతిక విలువను తగ్గిస్తుందా?' క్లాసులయ్యాక, కింద నారాయణగూడ చౌరస్తా హారన్ల మోతలో గంటన్నర సాగింది. ఒక పక్షం, కడుపు నిండాకే నీతి అన్నది. రెండో పక్షం, పేదవాళ్లే నిజాయితీపరులు, మోసమంతా డబ్బున్నవాళ్లదే అన్నది. సాక్ష్యంగా ఆటో డ్రైవర్ల వార్తలు మూడు ఫోన్లో చూపించింది. చప్పట్లు రెండో పక్షానికే ఎక్కువ. నాకు మాత్రం రెండు పక్షాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పేపరు దిద్దుతున్నట్టు అనిపించింది. ఒకరు సున్నా వేశారు, ఇంకొకరు నూటికి నూరు. దిద్దే హక్కు మనకి ఎవరిచ్చారని గంటన్నరలో ఒక్కరూ అడగలేదు.

మొదటి పక్షానికి జవాబు కష్టం కాదు. 2009 జనవరి 7న, ఇదే హైదరాబాద్‌లో, సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ తమ లెక్కల్లో లేని వేల కోట్లు ఉన్నట్టు చూపించామని తానే లేఖ రాసి ఒప్పుకున్నారు. అది ఆకలి చేయించిన పని కాదు. మర్నాడు ఎవరూ 'ఈ సూటు బూటు వాళ్లంతా ఇంతే' అనలేదు. అదే ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంగరం కనబడకపోతే, దొరికేలోపే 'ఈ పనివాళ్లంతా ఇంతే' అనే మాట వచ్చేస్తుంది. పైవాడు చేసిన తప్పు అతనొక్కడిది. కిందివాడు చేస్తే వాళ్లందరిదీ.

రెండో పక్షంతోనే చిక్కు. వాళ్లది మంచి మనసు కాబట్టి వాళ్లతో వాదించడం కష్టం. కానీ 'పేదవాడు మంచివాడు కాబట్టి గౌరవించాలి' అన్నారంటే, గౌరవానికి ఒక షరతు పెట్టినట్టే. ఆ ఆటో ఆయనే రేపు వానలో ఇరవై రూపాయలు ఎక్కువ అడిగితే గౌరవం గాల్లో కలిసిపోతుంది. ప్రాక్సీ అటెండెన్స్ వేయించుకునే ఇంజనీరింగ్ విద్యార్థికి ఈ షరతు ఎవరూ పెట్టరు. వాడు అల్లరోడు, అంతే. తప్పు చేసి కూడా మనిషిగా మిగిలే వెసులుబాటు అందరికీ సమానంగా లేదు.

తెలుగులో వెల, విలువ అని రెండు మాటలున్నాయి. కాంట్ 1785లో చెప్పిందీ దాదాపు ఆ తేడానే. వెల ఉన్న వస్తువుకి బదులుగా ఇంకొకటి పెట్టొచ్చు. మనిషికి ఉండేది వెల కాదు, బదులు పెట్టలేని విలువ. దానికి మార్కులుండవు, సంపాదించుకోనూ అక్కర్లేదు. ఇది చెప్పిన కాంట్ కూడా మొదట్లో ఏమీ తెలియని మామూలు జనాన్ని చిన్నచూపు చూసినవాడే. రూసోని చదివాక అది మారిందని తన నోట్సులో తనే రాసుకున్నాడు. ఆడమ్ స్మిత్ సంగతి ఇంకా విచిత్రం. మార్కెట్ అనగానే అందరూ తలుచుకునే ఈయన, నైతిక భావాల మీద రాసిన పుస్తకానికి 1790లో కొత్త అధ్యాయం చేర్చాడు. ధనవంతుల్ని ఆరాధించడం, పేదల్ని ఈసడించడం అనే అలవాటే మన నీతిని అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేస్తుందన్నాడు. ఇక అరిస్టాటిల్ అయితే చేతిపని చేసేవాళ్లకి తీరిక ఉండదు, తీరిక లేనిదే సద్గుణం అలవడదు, కాబట్టి ఉత్తమ రాజ్యంలో వాళ్లు పౌరులే కాకూడదన్నాడు. మా మెకానికల్ బ్రాంచి మిత్రులు ఇది విని చాలాసేపు నవ్వారు. ఆయనగారి తీరిక కోసం ఇంట్లో పని ఎవరు చేశారన్నది మాత్రం నవ్వాల్సిన విషయం కాదు.

తత్వవేత్తల దాకా ఎందుకు, మన భాషనే చూద్దాం. ఇంగ్లీషులో 'హీ' అంటే సరిపోతుంది. తెలుగులో ఒక మగమనిషి గురించి నోరు తెరిచే ముందే తేల్చుకోవాలి: వాడా, అతనా, ఆయనా? ఆడమనిషి అయితే ఇంకా ఘోరం. ఆవిడ, ఆమె, ఆ కిందికి దిగితే 'అది'. కుర్చీని అనే మాటే. చర్చ జరిగిన గంటన్నరలో నేను గమనించినదొకటుంది. పేదవాళ్ల తరఫున మాట్లాడినవాళ్లూ 'పేదవాడు నిజాయితీగా ఉంటాడు' అన్నారు, 'అంబానీ గారు' అన్నారు. వాళ్లని తప్పుపట్టడం లేదు. అలా అనడానికి ఆలోచించక్కర్లేదు, నోరే అనేస్తుంది. 'పెద్దమనిషి' అన్న మాటే చూడండి. డబ్బు, వయసు, పరపతి, మంచితనం నాలుగూ కలిసి ఒకే మాటలో కూర్చున్నాయి. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఢిల్లీలో చేసుకున్న ఒప్పందానికి పెద్దమనుషుల ఒప్పందమనే పేరు. అది అమలైన తీరు మీద ఎన్ని ఉద్యమాలు నడిచాయో తెలంగాణలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక మాట. 'నువ్వు' అనడమే అవమానం అనుకుంటే పొరపాటు. మన ఇళ్లల్లో అమ్మని 'నువ్వు' అంటాం, 'మా నాయిన వచ్చిండు' అంటాం, అందులో ఉన్నంత ప్రేమ ఏ 'గారు'లోనూ లేదు. తేడా ఎక్కడంటే, అమ్మ కూడా మనల్ని నువ్వు అంటుంది. యాభై ఏళ్ల వాచ్‌మన్‌ని పద్దెనిమిదేళ్ల కుర్రాడు 'నువ్వు' అంటాడు, ఆయన 'సార్' అంటాడు. మాట ఒకవైపే నడుస్తుంది. తీర్పూ అంతే. మనం ఆయన నీతి గురించి గంటన్నర చర్చ పెడతాం. మన గురించి ఆయన ఏమనుకుంటున్నాడో మనకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మన కాలేజీకి కూతవేటు దూరంలో ఉన్న అశోక్‌నగర్‌లో దీనికి సిలబస్సే ఉంది. 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో ఎథిక్స్‌కి ఒక పేపరు, 250 మార్కులు. గల్లీలో ఎక్కడ చూసినా దాని నోట్సే, జెరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌తో సహా. అందులో కేస్ స్టడీలు ఉంటాయి. నాలుగు చదివి చూడండి. దాదాపు ప్రతిసారీ 'మీరు' ఒక అధికారి. ఫుట్‌పాత్ మీద బండి పెట్టుకున్న ఆవిడ, గుడిసె ఖాళీ చేయాల్సిన కుటుంబం, వీళ్లు సమస్యలో భాగం. మీరు ఏం చేస్తారు, ఎందుకు? దయగా చేయొచ్చు, చట్టప్రకారం చేయొచ్చు, రెండూ కలిపి రాస్తే మార్కులు. 'మీరు ఆ బండి ఆవిడ. ఎదురుగా జీపు ఆగింది. మీ కర్తవ్యం ఏమిటి?' అని అడిగిన ప్రశ్న నాకింతవరకు కనబడలేదు. అధికారుల్ని ఎంపిక చేసే పరీక్ష కాబట్టి అలా ఉంటుందంటారు. నిజమే. కానీ అలా ఏళ్లతరబడి చదివితే, నీతి అనేది పైనుంచి కిందికి దిగే వస్తువనే అలవాటు పడిపోతుంది.

ఆ చదివేవాళ్లనే ఇంకో చోట చూడండి. 5 రూపాయల భోజనం బండి దగ్గర గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే అన్నా, అడ్డా కూలీ అన్నా ఒకే లైనులో నిలబడతారు. జేబులో ఉన్నదీ దాదాపు ఒకటే, అన్నమూ ఒకటే. అయినా ఒకరిని చూసి 'పాపం, ఎంత కష్టపడుతున్నాడో' అంటాం. రెండో ఆయనది కష్టం కాదన్నట్టు, అది ఆయన బతుకు అన్నట్టు దాటిపోతాం. మొదటాయనకి మనం ఇచ్చే గౌరవం ఇప్పటి మనిషికి కాదు, రేపు రాబోయే ఉద్యోగానికి ఇచ్చే అడ్వాన్సు. ఆ ఉద్యోగం రాకపోతే అడ్వాన్సు వెనక్కి తీసుకుంటాం. ముప్పై దాటినా చిక్కడపల్లి లైబ్రరీకి వస్తూనే ఉన్న అన్నలని పండక్కి ఊరెందుకు వెళ్లలేదో అడగండి, చెప్తారు.

మన దగ్గర తరగతి గురించి మాట్లాడి కులం ఊసెత్తకపోతే సగమే మాట్లాడినట్టు. ఒకవైపు తీర్పు తిరగబడిన సందర్భం కూడా అక్కడే దొరుకుతుంది. 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మన హైదరాబాద్ వాడైన భాగ్యరెడ్డి వర్మ. ఆ సభ తమకి ఎవరో తగిలించిన 'పంచమ' అన్న పేరే వద్దని, తాము ఆది ఆంధ్రులమని చెప్పుకుంది. మమ్మల్ని మంచివాళ్లుగా గుర్తించండి అని మార్కులు అడగలేదు చూడండి. మీరు పెట్టిన పేరు తప్పు అంది. దిద్దే పెన్ను లాక్కోవడమంటే అదీ.

మన క్లాసులో సగం మంది నాలుగేళ్లలో యాప్‌లు రాసే ఉద్యోగాల్లో ఉంటారు. డెలివరీకి వచ్చిన మనిషికి ఐదు చుక్కల్లో ఎన్నివ్వాలో అడిగే స్క్రీన్ ఎవరో ఒక ఇంజనీరే రాశారు. అటునుంచి ఇటు చుక్కలు వేసే వీలు కొన్ని యాప్‌లలో ఉంది. కాకపోతే మనకి రేటింగ్ పడిపోతే ఇంకో యాప్ తెరుస్తాం, అతనికి పడిపోతే ఆ నెల కిస్తీ ఆగుతుంది. డేటాబేస్‌లో రెండూ ఒకే రకం కాలమ్.

వచ్చే నెల చర్చకి నేను ఒక అంశం ఇచ్చాను: 'కాలేజీ పిల్లల నైతిక విలువలు: ఒక అంచనా'. వక్తలుగా గేటు దగ్గరుండే అన్న, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే అక్క, బస్సు డ్రైవర్ పెద్దాయన. ముగ్గురినీ అడిగాను. అన్న నవ్వేసి ఊరుకున్నాడు. పెద్దాయన సాయంత్రం ట్రిప్పు ఉందన్నారు. అక్క మాత్రం 'నిజంగ చెప్పాల్నా, మంచిగ చెప్పాల్నా?' అని అడిగింది. సెమినార్ హాలు బుకింగ్ ఫారం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో అతిథి పేరు పక్కన 'హోదా' అని ఒక గడి ఉంది, నింపితే గానీ తీసుకోరట.