కవికి ఇంట్లో ఒక విస్తరి

స్కాట్లండులో ఏటా జనవరి 25వ తేదీ రాత్రి ఒక కవి పేరిట విందులు జరుగుతాయి. సంఘాల్లోనే కాదు, మామూలు ఇళ్లలో కూడా. ఆ కవి రాబర్ట్ బర్న్స్. 1759లో రైతు ఇంట పుట్టి, ముప్పై ఏడేళ్లకే 1796లో కన్నుమూశాడు. ఐదేళ్ల తర్వాత, 1801లో, తొమ్మిదిమంది మిత్రులు ఆయన పుట్టిన ఇంట కలిసి భోంచేసి ఆయన పద్యాలు చదువుకున్నారు. ఆనవాయితీ అక్కడ మొదలైంది.

దాని తంతు ముచ్చటైనది. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్ల నూక, ఉల్లిపాయ, కొవ్వు, మసాలా కలిపి గొర్రె పొట్టసంచిలో కూరి ఉడికిస్తారు. పేరు హాగిస్. మన బోటీకూరకు దాయాది అనుకోవచ్చు. దాన్ని పళ్లెంలో తేగానే ఒకరు లేచి, ఆ వంటకం మీద బర్న్స్ రాసిన పద్యమే చదువుతూ నడుమ కత్తితో కోస్తారు. భోజనమయ్యాక కవిని గురించి నాలుగు మాటలు. తర్వాత మగవారిలో ఒకరు ఆడవారిని పొగుడుతున్నట్టే ఎకసెక్కాలాడితే, ఆడవారిలో ఒకరు లేచి వడ్డీతో సహా చెల్లిస్తారు. చివరకు అందరూ చేతులు కలిపి పాత స్నేహాల పాట పాడతారు. విస్కీ కూడా ఉంటుంది. దానికి మాత్రం తగరపువలసలో కవుల సాయం అక్కరలేదు.

ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి మనం అనవచ్చు. 2009లో మూతపడిన చిట్టివలస జూట్ మిల్లును ఎరిగిన ఊరు మనది. జూట్ నేతకు ఒకప్పుడు లోకమంతటా పేరున్న పట్టణం ఆ దేశంలోని డండీయే. మన గోగునారను వర్తకులు భీమిలి పేరుతోనే పిలిచారు.

అయితే అసలు సంగతి నార కాదు, నోరు. బర్న్స్ పేరు తెచ్చుకున్నది లండను దొరల ఇంగ్లీషుతో కాదు, తన పల్లె మాటతో. ఆ మాట మొరటుదని ఈసడించిన పండితులున్నారు. బడిలో ఆ మాట పలికిన పిల్లలను దండించిన రోజులున్నాయి. అయినా ఏడాదికొక రాత్రి అది భోజనాల దగ్గర గొంతెత్తి పలుకుతూనే ఉంది.

మనకు గురజాడ అప్పారావు ఉన్నారు. గోస్తనీ వంతెన దాటి ఉత్తరంగా వెళితే ఆయన నివసించిన విజయనగరం. 1892లో మొదట ఆడిన 'కన్యాశుల్కం'లో ఆ వీధుల మాటనే ఆయన అచ్చుకెక్కించారు. ఆయన జయంతి సెప్టెంబరు 21న మనం చేస్తున్నదేమిటి? విగ్రహానికి దండ, ఒక ఉపన్యాసం, ఒక ఫొటో. ఇంటికొచ్చాక పిల్ల "ఏటి" అంటే "ఏమిటి అనాలి" అని దిద్దుతున్నాం. "బేగి రా" అంటే నవ్వుతున్నాం. విశాఖ కాలేజీలకు వెళ్లే కుర్రవాళ్లు మధురవాడ దాటేసరికి నోరు మార్చుకుంటున్నారు. సినిమాలవారు మన యాసను నవ్వులాటకు వాడుకుంటున్నారని కోపగించే హక్కు మనకు ఏ మేరకు ఉంది?

కనుక ఆ రాత్రి గురజాడకు ఇంట్లోనే ఒక విస్తరి వేద్దాం. హాలు వద్దు, మైకు వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. చోడి అంబలి, ఆవ పెట్టిన కూర, తినేవారికి బోటీ. 'కన్యాశుల్కం'లో ఒక రంగం తలా ఒక పాత్రగా చదవాలి. మధురవాణి మాటలు కోడలు, గిరీశం డాబులు మామగారు చదివితే మరీ బాగు. రావిశాస్త్రి కథ కూడా ఒకటి చదువుకోవచ్చు. నాయనమ్మకు చదువు రాకపోతే ఆమెకు వచ్చిన ఊడ్పుల పాటలు పాడించాలి. బర్న్స్ కూడా జనం నోటి పాటలను ఏరి కూర్చినవాడే.

పక్క వీధివారినీ పిలవాలి, కులం అడగకుండా. తోకచుక్క కనిపించిన 1910లో గురజాడ రాసిన 'ముత్యాల సరాలు'లో కులాల గీత దాటి కలిసి భుజించిన ప్రస్తావన ఉంది. ఆ పద్యం తలుపు మూసుకుని చదివితే ఏం బాగుంటుంది?

వంట బరువు మళ్లీ ఆడవారిదేనా అని ఇల్లాళ్లు అడుగుతారు. సబబైన ప్రశ్నే. ఆ పూట పొయ్యి దగ్గర మగవారు నిలబడాలి. పంతుళ్లు కూడా ఆ సాయంత్రానికి పిల్లలకు ఇంటిపని ఇవ్వకుండా ఉంటే మేలు.