పరాయి నేలపై పలక

భావనపాడు తీరమున వెనుకటి తరమువారు రంగూను అనెడివారు కారు, వారికది 'రంగము'. ఒక యింటివాడు రంగము పోయినాడన్నచో, అతడు సముద్రమున కావలి యొడ్డున వరికోతలోనో, బియ్యపు మిల్లులోనో, ఓడరేవున బస్తాల క్రిందనో ఉన్నాడని అర్థము. కళింగపట్నము, బారువ రేవులలో ఆగిన పొగఓడలు ఈ ప్రాంతపు మనుష్యులను ఎక్కించుకొని బంగాళాఖాతమును దాటెడివి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలోని భారతీయులు పదిలక్షలకు పైబడిరి. అందు తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూను రేవున మూటలు మోసినవారిలో వారే హెచ్చు. గోదావరి ముఖమునగల కోరంగి రేవు పేరిట బర్మావారు వారిని కోరంగీలని పిలిచిరి. ఆ పిలుపులో గౌరవము కంటె ఎగతాళియే మిక్కుటము. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె ముగిసి, వారికి మారుగా పనిలో చేరిన బర్మా కూలీలు తొలగింపబడినప్పుడు రంగూను వీథులలో కోరంగీల నెత్తురు పారినది.

ఈ చరిత్ర వ్రాసినవారు కూలీలను లెక్కించిరి, బియ్యపు బస్తాలను లెక్కించిరి. పిల్లలను లెక్కించినవారు అరుదు. వెళ్ళినవారిలో మగవారే అధికులైనను, అచ్చట కాపురములు పెట్టి బిడ్డలను కన్నవారును కలరు. ఆ బిడ్డలు ఏ బడిలో కూర్చుండిరి? ఏ భాషలో ఎక్కములు వల్లించిరి? 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడిన పిదప, అరకాను కనుమల మీదుగాను అస్సాము అడవుల మీదుగాను కాలినడకను వచ్చిన లక్షలాది జనములో ఆ పిల్లలును ఉండిరి. దారిలో రాలిపోయినవారు వేలకు వేలు. యుద్ధానంతరము మిగిలినవారికి 1962లో సైనిక ప్రభుత్వము వచ్చినది. 1964లో దుకాణములు జాతీయము చేయబడినవి. తరువాత ప్రైవేటు పాఠశాలలును ప్రభుత్వపరమైనవి. కట్టుబట్టలతో ఓడలెక్కి విశాఖపట్టణమున దిగినవారి జ్ఞాపకముగా ఆ నగరమున కంచరపాలెము దరి బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచి యున్నది.

ఆ ఓడలలో వచ్చిన బాలుని స్థితిని ఉపాధ్యాయులైన పాఠకులు తేలికగా ఊహింపగలరు. ఇంట తెలుగు మాటలాడును. పలకపై బర్మా అక్షరము దిద్దును. తెలుగు లిపియు బర్మా లిపియు రెండును గుండ్రనివే. కాని ఆ పోలిక పరీక్షలో ఒక్క మార్కును తేదు. అక్కడ అయిదవ తరగతి చదివినవాడు ఇక్కడ ఓనమాల వరుసలో కూర్చుండవలసి వచ్చుట ఏమంత వింత!

నేడు ఆ బర్మాయే తన బిడ్డలను పొరుగు దేశములకు పంపుచున్నది. థాయ్‌లాండు పడమటి సరిహద్దున, మోయి నది చెంత, మేసోట్ అను పట్టణము కలదు. నదికావల మ్యావాడి, అది బర్మా. దశాబ్దములుగా అంతర్యుద్ధమునకు వెరచియు, ఆకలికి ఓర్వలేకయు నది దాటి వచ్చినవారు అచట బట్టల కర్మాగారములలో కుట్టుపని చేయుదురు, పొలములలో కూలికి పోవుదురు. 2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల అధికారమును చేజిక్కించుకొనిన పిమ్మట వచ్చినవారు మరింత మంది. వారిలో కొలువు విడిచిన బడిపంతుళ్ళును కలరు. కారెన్ జాతి వైద్యురాలు సింథియా మాంగ్ 1989లో అచట వైద్యశాల నెలకొల్పి, 2002లో మెగసెసె పురస్కారమందెను. ఆ వైద్యశాల నీడనే ఒక పెద్ద బడియు పెరిగినది. అట్టి వలస బడులు ఆ పరిసరములలో పదుల సంఖ్యలో కలవు.

పత్రములు లేని పిల్లలైనను తమ పాఠశాలలలో చదువవచ్చునని థాయి ప్రభుత్వము 2005లో నిర్ణయించినది. ఇది మెచ్చదగిన నిర్ణయము. ఎన్ని ధనిక దేశములు ఇట్టి పని చేసినవి? అయినను థాయి బడిలో థాయి భాషయే నడచును. ఎప్పటికైనను ఇంటికి మరలవలెనని తల్లిదండ్రుల ఆశ. కావున బర్మా భాషలోనో కారెను భాషలోనో పాఠములు చెప్పు వలస బడులకు బిడ్డలను పంపుదురు. ఆ బడులిచ్చు చదువునకు గుర్తింపు దొరకుట కష్టము. జీతములు దాతల దయపై ఆధారపడినవి. దాత మనసు మారినచో తరగతి మూతపడును.

ఈ బడులలో కొంతకాలము ఉచితముగా బోధింతుమని దేశదేశముల యువజనులు వెళ్ళుచున్నారు. తెలుగునాట పట్టములందిన యువతీయువకులకును అట్టి కోరిక కలుగుట సంతోషింపదగిన విషయమే. జీతము ముట్టని చోటికి పోయి పాఠము చెప్పుదునను మాట చెవికింపుగా నుండును. కాని ఆ సేవవలన మేలు పొందువారెవ్వరన్న ప్రశ్న వేయక తప్పదు. సాధారణముగా వెళ్ళినవారు నాలుగు వారములో, రెండు నెలలో ఉందురు. వారికి బర్మా భాష రాదు; పిల్లలకు ఆంగ్లము అంతంతమాత్రము. తొలి వారము పేర్లతో గడచును, రెండవ వారము పాటలతో గడచును, మూడవ వారము పిల్లలు చేరువగుదురు, నాలుగవ వారము ఛాయాచిత్రములతో వీడ్కోలు. మరల ఇంకొకరు వత్తురు. ఒకే పిల్లవాడు ఒకే ఏటిలో నలుగురు అతిథులకు తన పేరేమో ఆంగ్లమున చెప్పును. అయిదవ వాక్యము నేర్వడు. ఇల్లు విడిచి వచ్చిన బిడ్డకు, చేయి పట్టుకొనిన పెద్దవారు మాటిమాటికి మాయమగుట కంటె గొప్ప పాఠము వేరొకటి కలదా? ఆ పాఠము ఎవ్వరును చెప్పదలచినది కాదు. అయినను అదియే అతనికి నాటుకొనును.

ఆ బడులను నిజముగా మోయుచున్నవారు బర్మా, కారెను ఉపాధ్యాయులు. వారును వలసవచ్చినవారే, వారికిని పత్రముల బెంగ కలదు. విదేశీయుని రాకపోకల వ్యయముతో అట్టి ఉపాధ్యాయురాలి కొన్ని వారముల జీతము గడచును. వెళ్ళదలచినవారు విమానపు టిక్కెట్టు కొనుటకు ముందు ఈ లెక్క వేసికొనుట మంచిది. వేసికొనియు వెళ్ళదలచినచో, ఒక పూర్తి విద్యాసంవత్సరము ఉండవలెను, భాష నేర్వవలెను, పిల్లలకు బోధించుట కంటె అక్కడి ఉపాధ్యాయులకు కావలసిన ఆంగ్లమునో గణితమునో వారికి నేర్పి తొలగిపోవలెను. కఠినమైన నియమములేయని తోచవచ్చును. కాని ఇంతకంటె కఠినమైన నియమములను తనకు తాను విధించుకొని నెరవేర్చినవారు ఈ శ్రీకాకుళము సీమలోనే యుండిరి.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండగా సమీపపు కొండలలోని సవరలను చూచెను. వారికి బడి లేదు. వారి మాటకు పుస్తకము లేదు. ఆయన ముందుగా తానే విద్యార్థియయ్యెను. సవర నెరిగిన మనిషిని ఇంట పెట్టుకొని ఏండ్ల తరబడి ఆ భాషను నేర్చెను. పిదప ఆ భాషలోనే వాచకములు వ్రాసి, సొంత డబ్బు వెచ్చించి బడులు నడపెను. ప్రభుత్వము పారితోషికమీయబోగా, దానికి మారుగా సవరలకు బడి పెట్టుడని కోరెనని ప్రసిద్ధి. ఆయన సవర వ్యాకరణము 1931లో వెలువడినది. పని మొదలిడిన నాటికిని ఆ నాటికిని మధ్య ఒక జీవితకాలము గడచినది. గ్రాంథిక వ్యావహారిక వివాదమున ఆయనతో పోరాడినవారి శిష్యులును ఈ విషయమున చేతులు జోడింపక తప్పదు.

ఇంటి పిల్లలుండగా పరదేశపు పిల్లలెందులకని కొందరు వాదింతురు. ఈ వాదము నిలువదు. దయకు సరిహద్దు గీయుట మొదలిడినచో అది భావనపాడు పొలిమేరను కూడ దాటదు. రంగము వెళ్ళినవారి మనుమలకు ఈ వాదము అసలే తగదు. అయితే దానిలో ఒక పాలు సత్యము కలదు: దగ్గరి వలసబిడ్డను చూడని కన్ను దూరపు వలసబిడ్డను చూచునా యని.

ఈ తీరపు మత్స్యకారులు నేడు రంగమునకు పోరు. గుజరాతులోని వేరావళికి పోవుదురు. 2018లో అచటినుండి వేటకు పోయి పాకిస్తాను చెరలో పడిన ఉత్తరాంధ్ర జాలరులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ నెలలన్నియు వారి బిడ్డలు బడిలో ఏమి వినిరో, ఏమి వినలేదో వారి పంతుళ్ళే చెప్పవలెను.

ఇక తెలుగు నేలయే మేసోట్ అయిన సందర్భమును కలదు. పడమటి ఒడిశాలోని బలంగీరు, నువాపడా, కలహండి జిల్లాలనుండి కుటుంబములకు కుటుంబములు హైదరాబాదు చుట్టుప్రక్కల ఇటుక బట్టీలకు ఏటేట వచ్చును. శీతకాలమున వచ్చి, వానలకు ముందు మరలును. అనగా పిల్లల బడి సంవత్సరము నట్టనడుమ తెగిపోవును. తెలుగు బడిలో చేర్చినచో పాఠము తెలియదు. చేర్చనిచో తమ్ముని ఎత్తుకొని బట్టీ ప్రక్కన కూర్చుండును, లేదా మట్టి ముద్దలు అందించును. కొన్ని బట్టీల చెంత ఒడియా పుస్తకములతో, ఒడియా ఉపాధ్యాయులతో బడులు పెట్టిరి. ఊరికి మరలిన పిల్లవాడు అక్కడి తరగతిలో చేరగలుగుటయే ఆ ప్రయత్నపు గురి. మేసోట్ బడుల గురియు అదియే కదా!

ఇట్టి బడికి కావలసినది ఒడియా మాటలాడగలిగి, తెలుగు అధికారులతోను బట్టీ యజమానులతోను మాటలాడగలిగిన ఉపాధ్యాయుడు. ఇచ్ఛాపురము, సోంపేట, పలాస ప్రాంతములలో ఆ రెండు భాషలును ఇంటి భాషలుగా ఎరిగిన పట్టభద్రులకు కొదువ లేదు. పడమటి ఒడిశా యాస కొంత వేరైనను, ఒక నెలలో చెవికి పట్టుబడును. బర్మా భాషకు ఒక నెల చాలదు. బట్టీ పని ఆరేడు నెలలు సాగును. అంతకాలమును కదలక ఒకే చోట ఉండగలిగినవారు, ఆపైన మేసోట్‌కు పోదలచినచో, అక్కడి ఉపాధ్యాయులు వారికి ఒక కుర్చీ చూపుదురు.