కుందేటికి కాలం లేదన్నదెవరు?

కుందేళ్ల పెంపకం గురించి ఎవరిని కదిలించినా చెప్పే లెక్క ఒక్కటే. చూలు 30, 31 రోజులు. ఈనిన కొద్ది రోజులకే మళ్లీ జత కట్టించవచ్చు. కాబట్టి ఏడాదికి ఇన్ని ఈతలు, ఇన్ని పిల్లలు! అడవి కుందేటికి ఋతువుంటే ఉండొచ్చు గానీ, పంజరంలో మేసేదానికి ఏ నెలైనా ఒకటేనట. పైగా శాస్త్రాన్ని సాక్ష్యానికి పిలుస్తారు: కుందేటికి జత కట్టాకే అండాలు విడుదలవుతాయి గనుక అది ఎప్పుడూ సిద్ధమేనంటారు.

అండాల మాట నిజమే. జత కట్టిన పది, పన్నెండు గంటలకు విడుదలవుతాయి. కానీ అసలు జత కట్టనివ్వాలి గదా! ఇష్టం లేని ఆడది మూలకు నక్కి, వెనక భాగాన్ని నేలకు అదిమేస్తుంది. మగదాన్ని కరుస్తుంది కూడా. ఆ ఇష్టానికి కాలం ఉందో లేదో దాని వాసనలే చెబుతాయి.

కుందేలు గదవ కింద గ్రంథులుంటాయి. ఇటుక, తొట్టి అంచు, తలుపు చువ్వ, దేనికైనా గదవ రుద్ది గుర్తు పెడుతుంది. ఎదలో ఉన్న ఆడది ఎక్కువగా రుద్దుతుంది, చూలు కట్టాక తగ్గిస్తుంది. రాబిన్ హడ్సన్, గాబ్రియేలా గొంజాలెజ్ మారిస్కల్ వంటి పరిశోధకులు ఈ రుద్దుళ్లనే లెక్కపెట్టారు. పగలు పొడుగైతే పెరిగాయి, పొట్టిదైతే తగ్గాయి. అవి అడవి కుందేళ్లు కావు, పెంపుడువే.

చనుమొనల వాసన ఇంకా గట్టి సాక్ష్యం. తల్లి రోజుకు ఒక్కసారి, మూడు నాలుగు నిమిషాలే పాలిస్తుంది. కళ్లు తెరవని పిల్లలకు ఆ కాస్త సేపట్లో చన్ను దొరకాలంటే వాసనే దారి. 1984లో హడ్సన్, హాన్స్ డిస్టెల్ ప్రచురించిన పరిశోధన ప్రకారం చూలూ పాలూ లేని ఆడ కుందేళ్లు కూడా ఈ వాసనను వెదజల్లుతాయి. వేసవిలో ఎక్కువ, చలికాలంలో తక్కువ. పొద్దు నిడివిని కన్ను పసిగడుతుంది, రాత్రి ఊరే మెలటోనిన్ ఆ కబురును ఒంటికి చేరవేస్తుంది. కాలమే లేకపోతే యూరప్ ఫారాల్లో రోజుకు 16 గంటలు దీపాలు వెలిగించి కరెంటు బిల్లు కట్టడం దేనికి?

మన దగ్గర పగళ్లలో అంత తేడా ఉండదని అంటే ఒప్పుకుంటాను. హైదరాబాద్‌లో అతి పొడుగు పగటికీ అతి పొట్టి పగటికీ మధ్య రెండు గంటలే; లండన్‌లో ఎనిమిది దాటుతుంది. అంతమాత్రాన కాలం లేదనడం, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనడమే. మన పొడుగు పగళ్లు ఎండలతో కలిసి వస్తాయి. 30 డిగ్రీలు దాటిన వేడికి మగ కుందేలు వీర్యం దెబ్బతింటుంది. వెలుగు ఇచ్చినదాన్ని ఎండ లాగేసుకుంటుంది. ఇది కాలం కాక మరేమిటి?

ఎవరైనా ఏడాది పొడవునా ఈతలంటూ కుందేళ్లు అమ్మజూపితే, వాళ్ల ఫారంలో ఏ నెలలో ఎన్ని ఈనాయో రాసిన పుస్తకం అడగండి. చూపించకపోతే డబ్బు కట్టకండి.