గురిపిస్తోలు విలువను నిర్ణయింపవలసిన వారెవరు?

టేకులపల్లి, ఇల్లెందు, పాల్వంచ ప్రాంతములలో తుపాకి యనగానే మనస్సున మెదలు జ్ఞాపకములు క్రీడకు సంబంధించినవి కావు. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటకాలమున దళములకు ఈ యడవులు ఆశ్రయమిచ్చినవి; తరువాతి దశాబ్దములలో సైతము ఒకవైపు దళములును, వేరొకవైపు పోలీసు బలగములును తిరుగాడిన త్రోవలివి; అంతకు పూర్వమునుండియు వేటకై వాడబడిన నాటు తుపాకి పల్లెజనుల యెరుకలో నున్నదే. కాబట్టి ఇచ్చటి తలిదండ్రులకు పిస్తోలు అను వస్తువు భయకారణముగనో, కేసునకు మూలముగనో తోచుట సహజము. నగరములలోని కొందరు సంపన్నులకు అదే వస్తువు వెల హెచ్చినకొలది గౌరవము నొసగు అలంకారముగా తోచుచున్నది. ఈ రెండు దృష్టులలో ఏదియు ఆ వస్తువు తన పనిని ఎంత చక్కగా చేయునో పరీక్షించి చూడదు. లక్ష్యక్రీడకై నిర్మింపబడిన సెమీ ఆటోమేటిక్ పిస్తోలు గుణమును కొలుచుటకు స్పష్టమైన పరీక్షలు కలవనియు, ఆ పరీక్షలు చేయగలిగిన చేతులే ప్రజాధనముతో జరుగు కొనుగోళ్ళను నిర్ణయింపవలెననియు, ధరల పట్టికను మాత్రమే చూచి సంతకము చేయు పద్ధతి మన్యప్రాంతపు పిల్లలకు తీరని అన్యాయము చేయుననియు నా దృఢాభిప్రాయము.

హైదరాబాదునకు చెందిన ఈశా సింగ్ 2023 సెప్టెంబరు 27వ తేదీన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో, 25 మీటర్ల పిస్తోలు పోటీయందు, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కూడి జట్టు స్వర్ణమును, అదే దినమున వ్యక్తిగత రజతమును సాధించినది. అప్పటికామె వయస్సు పందొమ్మిది యేండ్లైనను నిండలేదు. ఆ వార్తను మనమందరము సంతోషముతో చదివితిమి గాని, ఆ పోటీ ఎట్టిదో తెలిసికొన్నవారు తక్కువ. అందు మొత్తము 60 గుండ్లు పేల్చవలెను. మొదటి 30 నిదానముగా, ఐదేసి గుండ్లకు ఐదేసి నిమిషముల గడువుతో సాగును. తక్కిన ముప్పదింటిలో ప్రతి గుండునకును లక్ష్యము మూడు సెకండ్లు మాత్రమే అందుబాటులో నుండి, తరువాత ఏడు సెకండ్లు మరుగగును. ఆ యేడు సెకండ్లలో చేయి క్రిందికి దించియుంచి, లక్ష్యము మరల కనబడగానే పైకెత్తి, గురి కుదిర్చి, ఒక్క గుండు విడువవలెను. పిస్తోలు చేయవలసిన పని యేమో తెలియకుండ పిస్తోలు మంచిదో చెడ్డదో చెప్పబూనుట వ్యర్థము గనుక ఈ వివరము ముందుగా చెప్పితిని.

ఇక గుణముల సంగతి. నా దృష్టిలో వానిలో ప్రథమగణ్యము ట్రిగ్గరు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమముల ననుసరించి 25 మీటర్ల పోటీలలో ట్రిగ్గరు బరువు 1000 గ్రాములకు తగ్గరాదు. పోటీకి ముందు గొట్టమును నిలువుగా పట్టి, ట్రిగ్గరునకు 1000 గ్రాముల తూకపురాతిని తగిలించి, అది పేలకుండ ఆ బరువును పైకెత్తునో లేదో నిర్వాహకులు పరీక్షింతురు. కాని ఈ అంకె ట్రిగ్గరు గుణమును గూర్చి చెప్పునది మిక్కిలి స్వల్పము. రెండు పిస్తోళ్ళును 1000 గ్రాముల వద్దనే విడివడవచ్చును. అందొకటి వ్రేలికి విధేయమై, మొదటి దశలో సమముగా వెనుకకు వచ్చి, ఒక నిశ్చితస్థానమున ఆగి, ఆపై కొంచెము ఒత్తిడి పెరిగినంతనే ఏ జరుగుడును లేక విడివడును. రెండవది గరగరలాడుచు, ఎచ్చట ఆగునో ఎప్పుడు విడుచునో తెలియనీయక, విడిచిన పిమ్మటను వ్రేలిని వెనుకకు తూలనిచ్చును. మూడు సెకండ్ల గడువులో రెండవదానితో పనిచేయువాడు తెలియకుండగనే వ్రేలిని గుంజును. గుంజినంతనే గొట్టపుకొన ఒరుగును. ఆ ఒరుగుట యొక్క ఫలితమెంతయో లెక్కకట్టి చూడవచ్చును. నియమముల ప్రకారము ముందు సైటునకును వెనుక సైటునకును నడుమ దూరము 220 మిల్లీమీటర్లు మించరాదు. ఆ కొద్ది నిడివిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు తొలగినచో 25 మీటర్ల దూరమున గుండు 113 మిల్లీమీటర్లకు పైగా తప్పిపోవును. పది పాయింట్లు వచ్చు నడిమి వలయపు వ్యాసము నిదానపు దశలో 50 మిల్లీమీటర్లే. కావున వ్రేలికిని ట్రిగ్గరునకును గల ఒప్పందములో మిల్లీమీటరులో నాలుగవవంతు దోషము సైతము పదిని తొమ్మిదిగా మార్చగలదు. ఈ గుణమును కంటితో చూచి గాని, సంస్థ పేరును చదివి గాని తెలిసికొనలేము. తూటా యమరు గదిలో నిజమైన గుండు లేకుండ, ఆ గదిఅంచు చెడకుండ ఉత్తుత్తి తూటానుంచి, అనేక పర్యాయములు నొక్కి, చివరి విడుపు మొదటిదానివలెనే యున్నదా అని వ్రేలినే అడుగవలెను.

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, సామాన్యులు మొట్టమొదట అడుగు ప్రశ్నయైన “గుండు సూటిగా పోవునా?” అనునది కొనుగోలులో అంత కఠినమైన ప్రశ్న కాదు. పేరుగన్న లక్ష్యపిస్తోలును కదలని చట్రములో బిగించి మేలైన తూటాలతో పేల్చినచో గుండ్లన్నియు పది పాయింట్ల వలయములో సునాయాసముగా ఇమిడిపోవును. ఒకే పిస్తోలు ఒక తయారీవిడత తూటాలతో గుండ్లను దగ్గరగా చేర్చి, వేరొక విడతతో చెదరగొట్టును. అందుచే అనుభవజ్ఞులైన గురికాండ్రు పిస్తోలును మార్చుటకు ముందు తూటాల విడతను మార్చి చూతురు. గొట్టపు సూటికై అదనముగా లక్షలు వెచ్చించువాడు తనకు లేని రోగమునకు మందు కొనుచున్నాడని నేనందును.

రెండవ ముఖ్యగుణము తడబాటు లేకుండుట. ఈ పిస్తోళ్ళలో వాడబడు .22 లాంగ్ రైఫిల్ తూటా చిన్నది, దాని అడుగున అంచు కలది, దాని గుండు మెత్తని సీసము. తూటా పేలినపుడు పుట్టు వాయువు ఖాళీ గుల్లను వెనుకకు నెట్టును. దానితో బోల్టు వెనుకకు జరిగి, గుల్లను వెలుపలికి విసరి, స్ప్రింగు బలముతో ముందుకు వచ్చుచు మ్యాగజైను నుండి మరియొక తూటాను గదిలోనికి చేర్చును. బోల్టు బరువు, స్ప్రింగు బిగువు, తూటా శక్తి ఈ మూడింటి నడుమ పొత్తు కుదరనిచో గుల్ల చిక్కుకొనును; తూటాల అంచులు మ్యాగజైనులో ఒకదానిపై నొకటి తగులుకొన్నను అట్లే; సీసపు మడ్డి, మైనపు మడ్డి పేరుకొన్నను అట్లే. నియమములలో క్షమార్హమైన లోపములు కొన్ని, క్షమింపరానివి కొన్ని కలవు: తూటా పేలకుండుట, గుల్ల వెలుపలికి రాకుండుట మొదటి కోవకు చెందును, మ్యాగజైను సరిగా దూర్చకుండుట, తూటాలు తక్కువగా నింపుట క్రీడాకారుని తప్పులే. క్షమ లభించినను మనస్సు చెదరును. 2021 జులైలో టోక్యో ఒలింపిక్సులో మను భాకర్ పిస్తోలు పోటీ నడుమ మొరాయింపగా విలువైన నిమిషములు వృథాయై, ఆమె తుదిపోటీకి చేరలేకపోయిన సంగతి దేశమంతయు ఎరిగినదే. అది గాలి పిస్తోలు. దాని యంత్రవ్యవస్థ వేరు. అయినను చేతిలోని యంత్రముపై నమ్మకము క్షణకాలము సడలినచో యేండ్ల సాధన ఎట్లు నిష్ఫలమగునో ఆ సంఘటన తెలిపినది.

పిడిని గూర్చి సంక్షేపముగా చెప్పెదను. అది చేతికి అమరవలెను గాని చేయి దానికి అమరుట కాదు. సోవియట్ దేశమున మిఖాయిల్ మార్గోలిన్ అను శిల్పి సైనికసేవలో తలకు తగిలిన గాయముచే యౌవనముననే చూపును కోల్పోయి, బంకమట్టితోను కొయ్యతోను భాగముల నమూనాలను స్పర్శమాత్రముచే రూపొందించుచు, 1940ల చివర ఒక .22 పిస్తోలును సృష్టించెను; అది దశాబ్దముల పర్యంతము ఆ దేశపు గురికాండ్ర చేతులలో నిలిచినది. హంగేరీ పిస్తోలు క్రీడాకారుడు కారోలీ తకాచ్ 1938లో చేతిబాంబు ప్రేలి కుడిచేయి పోగా, ఎడమచేతితో సాధనచేసి 1948లోను, 1952లోను ఒలింపిక్ స్వర్ణములను గెలిచెను. ఈ యిరువురి చరిత్రయు తెలిసినవాడెవడును పదునాలుగేండ్ల బాలిక సన్నని చేతికిని, ఎడమచేతివాటము గల బాలునికిని ఒకే కొలత పిడి గల పిస్తోళ్ళను పెట్టెలకొలది కొని పంపడు. పిడి కొలతలు చిన్న, మధ్య, పెద్ద యని దొరకును, ఎడమచేతివియు దొరకును. అడిగినవారికే దొరకును.

వెల సంగతి వేరు. 1949లో అమెరికాలో రూగర్ సంస్థ తన మొదటి .22 పిస్తోలును 37 డాలర్ల 50 సెంట్లకు విక్రయించినది. ఉక్కురేకును రెండు దళములుగా అచ్చుకొట్టి అతికించిన పిడిచట్రముపై గొట్టము కదలక నిలిచియుండుటచే, అగ్గువదైనను అది గురికి నిలిచినది; దానినుండియే ఆ సంస్థ లక్ష్యపిస్తోళ్ళు పుట్టినవి. దీనికి విరుద్ధమైన ఉదాహరణము ఇంకను గుణపాఠకరము. ఏథెన్స్ ఒలింపిక్సు ముగియువరకు ర్యాపిడ్ ఫైర్ అను వేగపు పోటీలో .22 షార్ట్ తూటాల పిస్తోళ్ళు, అతి తేలికైన ట్రిగ్గర్లు చెల్లెడివి. 2005 నుండి నియమము మారి, లాంగ్ రైఫిల్ తూటాయు 1000 గ్రాముల ట్రిగ్గరును తప్పనిసరియైనవి. అద్భుతమైన పనితనము గల ఆ పాత యంత్రములలో ఏ లోపమును కలుగకుండగనే వాని పోటీవిలువ నశించెను. మన దేశమున మరియొక చిక్కు కలదు: విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యునకు నిషిద్ధమై, గుర్తింపు పొందిన క్రీడాకారులు, క్లబ్బులు మొదలగువారికే అనుమతి యుండుటచే, ఇచ్చట పలుకు వెల కొరతకు కొలతయే గాని గుణమునకు కాదు. కావున అంగడిలోని అంకెను చూచి మేలును ఊహించుట రెండు విధముల మోసపోవుటయే. పాతదానిని చూచి ముఖము ముడుచుకొనుటయు నట్టిదే. మెత్తని సీసపు గుండు గొట్టమును త్వరగా అరగదీయదు గనుక, శ్రద్ధగలవాడు వాడిన పిస్తోలు స్ప్రింగులు మార్చి, గదిఅంచును పరిశీలించి తీసికొన్నచో చిరకాలము సేవచేయును.

నేను ప్రభుత్వమును కోరుచున్నది ఈ నేపథ్యముననే. కిన్నెరసానిలో గిరిజన క్రీడాపాఠశాల యున్నది. భద్రాచలమున సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ యున్నది. కొత్తగూడెమున సింగరేణి సంస్థ యున్నది. తరతరములుగా విల్లంబులెరిగిన కోయ కుటుంబముల పిల్లల కంటిచూపునకు, చేతి నిలుకడకు కొరత లేదు. వారికి గాలి పిస్తోలుతో మొదలిడి, ఆరితేరినవారిని .22 పిస్తోలునకు చేర్చు లక్ష్యక్షేత్రమొకటి జిల్లాలో నెలకొల్పవలెను. 200 కిలోమీటర్లకు పైగా దూరముననున్న హైదరాబాదునకు వారమువారము పోయి రాగల కూలివాడెవడు? అశాంతి చవిచూచిన ప్రాంతమున పిస్తోళ్ళెందులకని అడుగువారి భయమును నేను తేలికగా తీసికొనను. కాని 1959 నాటి ఆయుధచట్టము షూటింగు క్లబ్బులకు లైసెన్సుపై ఆయుధముల నుంచుకొను వీలును, 21 యేండ్లు నిండనివారు శిక్షణలో భాగముగా నిబంధనలకు లోబడి వానిని వాడు వీలును కల్పించినది. ఆయుధములు క్షేత్రమును దాటకుండ, తాళము పోలీసు పర్యవేక్షణలోనుండి, ప్రతి తూటాకును లెక్క వ్రాయబడు పద్ధతి దేశమున నడుచుచున్నదే. ఇచ్చట మరింత కట్టుదిట్టముగా నడపవచ్చును.

అయితే అట్టి క్షేత్రమునకు పిస్తోళ్ళను కొనునది యెవరు? తక్కువ ధర పలికినవానికి అప్పగించు టెండరు పద్ధతి బల్లలకు, బెంచీలకు చెల్లునేమో. ఇచ్చట అది చేటు. మన ప్రభుత్వములు ఎరిగిన, గుణమునకొకటి ధరకొకటిగా రెండు కవర్ల పద్ధతినే ఇచ్చట నిజాయితీగా పాటించినచో చాలును. ధర కవరు తెరవకముందే, జాతీయపోటీలలో పాల్గొన్న ఇద్దరు పిస్తోలు క్రీడాకారులును, ఒక శిక్షకుడును, పిస్తోలును విప్పి కూర్పగల ఒక ఆర్మరరును ప్రతి నమూనాను చేతబట్టి, కొనబోవు తూటాలతోనే 500 గుండ్లు పేల్చి, చిక్కులెన్ని కలిగెనో, ట్రిగ్గరు చివరికి ఎట్లుండెనో వ్రాతమూలముగా నమోదు చేయవలెను. ఆ పరీక్షలో నిలువనిది ఎంత అగ్గువకు వచ్చినను కొనరాదు, నిలిచినవానిలో మాత్రము తక్కువ ధరదానినే కొనవలెను. ఆ నమోదు పత్రము ప్రజలెవరైనను చూడగలుగునట్లుండవలెను. అదే కొనుగోలు ఉత్తర్వులో ఫైరింగ్ పిన్నులు, స్ప్రింగులు, ప్రతి పిస్తోలునకు అదనపు మ్యాగజైన్లు, ఎడమచేతి పిడులు, సంవత్సరమునకు సరిపడు ఒకే విడత తూటాలు, తేమ సోకని బీరువా చేరియుండవలెను. ఈ యడవి అంచున ఆషాఢము నుండి ఆశ్వయుజము వరకు గాలిలో ఆరని తేమ నిలిచియుండును గనుక, బీరువాకు వేరుగా నిధులు తరువాత చూతమని వాయిదా వేయు ఉత్తర్వుపై సంతకము పెట్టుటకంటె పెట్టకుండుటయే మేలు.