పొద్దుటి ముద్ద

పత్తి ఏరే రోజుల్లో మన నల్గొండ, పాలమూరు పల్లెల తల్లులు తెల్లవారకముందే లేచి, సద్ది కట్టుకొని, పిల్లల చేతిలో పది రూపాయలు పెట్టి కూలికి వెళ్తారు. ఆ పది హోటలు బజ్జీలకో, చిప్సు పొట్లానికో పోతుంది. దీనికి తల్లిని నిందించుట మాకు న్యాయముగా తోచదు.

ఒకప్పుడు మన చెల్క నేలల్లో జొన్న పండేది. రాత్రి వండిన గటకలో పొద్దున సల్ల పోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కొని తింటే పొయ్యి వెలిగించే పనే లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చింది. పేదవారు వరి అన్నము తిన్నారు, అది మేలే. తరువాత జొన్నచేలు చాలవరకు పత్తిచేలైనవి. ఇప్పుడేమో పట్టణాల వారు రోడ్డుపక్క నిలబడి జొన్నరొట్టె కొనుక్కుంటున్నారు!

రాగి అంబలి మరీ మేలు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యములో పదికి మించదు.

అప్పుడప్పుడు ఇడ్లీ కొనుట తప్పు కాదు, ఆవిరిపై ఉడికినదే గదా. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో వేగిన బజ్జీ సంగతి వేరు.

అయితే మాకు తల్లిని గూర్చియే ఎక్కువ చింత. ఉత్త చాయ తాగి మధ్యాహ్నము దాకా వంగి పత్తి ఏరుతున్నది ఆమెయే. సహోదరులారా, రాత్రి రెండు గరిటెల రాగిపిండి నీళ్లలో నానబెట్టుట మగవారికి చేతకాని పనియా? పొద్దున దానిని మరిగే నీళ్లలో పోసి, ఉండలు కట్టకుండ కలిపి ఉడికించి, ఉప్పు, సల్ల వేసి, మొదటి గ్లాసు ఆమెకే ఇవ్వండి.