బిడియం కాదు

"అడవి పిల్లలు, బిడియం ఎక్కువ." ఆశ్రమ పాఠశాలలో మా గురించి చెప్పింది ఇంతే. ఈ మాట పాతది. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డ్ తెగలను గుర్తించడానికి పెట్టిన అయిదు లక్షణాల్లో బయటి సమాజంతో కలవడానికి జంకడం ఒకటి. ఆ కళ్లతో చూసేవాళ్లు మా మౌనాన్ని తెగ పద్దులో రాసేశారు. ఆటిజం ఎవరికీ తోచలేదు.

మాకు అది ఒంటి ద్వారానే తెలిసింది. పెళ్లి డోలు ఎంత మోగినా భరించాం. తరువాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలుసు గనుక. హాస్టల్ గంట, స్టీలు కంచాల చప్పుడు, మినుకుమనే ట్యూబులైటు మాత్రం ముళ్లలా దిగేవి. అన్నంలో చారు కలిస్తే ముద్ద మింగుడుపడేది కాదు. పొగరన్నారు. చావింట్లో ఏడుపు రాలేదు, నాలుగు రోజులకు ఒళ్లు వణికింది. రాతిగుండె అన్నారు. గాలి సోకిందని మనవాళ్లూ అన్నారు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ధ్రువపత్రానికి వాడే 40 అంశాల కొలతలో కళ్లలోకి చూడటం, మాట కలపడం ఉన్నాయి. కోయ, గోండి, సవర మాట్లాడే బిడ్డ తెలుగు డాక్టరు ముందు మూగబోతే అది ఆటిజమా, భయమా, భాష రాకపోవడమా? ఎలా తేలుస్తారు?

జాలి వద్దు. మా భాష తెలిసినవాళ్లతో ఏజెన్సీలోనే పరీక్షలు చేయించండి. హాస్టల్లో చప్పుడు లేని మూల ఒకటి ఇవ్వండి. చారు వేరే గిన్నెలో పోయడానికి జీవో అక్కర్లేదు.